రెండు సెంట్ల పెరట్లో పది కోళ్లు: ఇంటి గుడ్లకు, ఇంటి కూరకు ఏది ముందు, ఏది తర్వాత

"నాటుకోళ్లు పెంచుదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒక్కటే: కోళ్లను ఇప్పుడే తేకండి. సంతలో ముచ్చటపడి నాలుగు పెట్టల్ని తెచ్చి, రాత్రికి గంప కింద మూసి, గూడు సంగతి ఆదివారం చూద్దాంలే అనుకున్న ఇళ్లలో ఆదివారం నాటికి రెండే మిగులుతాయి. ఒకటి పిల్లి నోట పడుతుంది, ఒకటి తూగుతూ మూల కూర్చుంటుంది.

గూడు, మేత, టీకా మందు దొరికే చోటు, ఆ తర్వాతే పిల్లలు. ఒక్కోదాని సంగతి కింద రాశాను. ఇది అమ్మకానికి పెంచే ఫారం సంగతి కాదు. నలుగురైదుగురున్న ఇంటికి గుడ్లు, నెలకు ఒకటి రెండుసార్లు కూర, అంతవరకే.

## 1. ముందు లెక్క వేసుకోండి

నలుగురున్న ఇంటికి వారానికి 20 నుంచి 25 గుడ్లు ఉంటే సరిపోతుంది. మెరుగైన పెరటి రకం పెట్ట బాగా చూసుకుంటే ఏడాదికి 150 గుడ్లు అటూ ఇటూ పెడుతుంది, అంటే వారానికి మూడు. ఎనిమిది పెట్టలుంటే మీ అవసరం తీరుతుంది. వాటికి తోడు పొదగడానికి ఒక నాటు పెట్ట, ఒక పుంజు. మొత్తం పది.

పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదేమోనని చాలామందికి అనుమానం. పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. పక్కింటి గోడ ఆనుకుని ఉన్న ఇళ్లలో పుంజు లేకపోవడమే మంచిది, తెల్లవారుజామున మూడున్నరకు అది మొదలుపెడితే మీ ఇరుగుపొరుగు సంబంధాలు చెడతాయి. పట్టణంలో ఉంటే మున్సిపాలిటీ వాళ్లని, కాలనీ సంఘాన్ని ముందే అడగండి.

ఒక్కరోజు వయసు పిల్లల్లో పుంజు ఏదో పెట్ట ఏదో మనకు తెలియదు, సగానికి సగం వస్తాయి. కాబట్టి ఎనిమిది పెట్టలకు తక్కువ కాకుండా ఉండాలంటే 25 పిల్లల్ని తీసుకోవాలి. రెండు మూడు పోయినా పది పదకొండు పెట్టలు, అన్నే పుంజులు మిగులుతాయి. ఆ పుంజులే మూడు నాలుగు నెలల తర్వాత మీ కూర.

స్థలం లెక్క:

- రాత్రి గూట్లో కోడికి ఒకటిన్నర చదరపు అడుగులు.
- పగలు తిరగడానికి కోడికి కనీసం 10 చదరపు అడుగులు. 20 ఇవ్వగలిగితే జబ్బులు తగ్గుతాయి.
- రెండు సెంట్లంటే దాదాపు 97 గజాలు, 870 చదరపు అడుగులు. ఇందులో నాలుగో వంతు కోళ్లకు వదిలినా చాలు.

గూడుతో కలిపి మొత్తం వంద చదరపు అడుగులే ఉంటే పది కోళ్లు వద్దు, ఐదు పెంచండి. ఇరుకులో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, నేల బురదై వాసన కొడుతుంది.

## 2. ఏ రకం తేవాలి

అచ్చమైన నాటుకోడి. విడతకు 12 నుంచి 15 గుడ్ల చొప్పున ఏడాదికి 50, 60 గుడ్లు. తక్కువే. కానీ తనే పొదుగుతుంది, తనే పిల్లల్ని సాకుతుంది, గద్ద నీడ పడితే పరుగెత్తి దాక్కుంటుంది.

గ్రామప్రియ. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంచాలకాలయం తెచ్చిన రకం. ప్రధానంగా గుడ్లకు.

వనరాజా. అక్కడిదే. బరువు పెరుగుతుంది, గుడ్లూ పెడుతుంది. ఒంటి బరువు వల్ల కుక్కల నుంచి తప్పించుకోలేదు, కాబట్టి కంచె లేని పెరటికి ఇది వద్దు. మేత ఎక్కువైతే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిస్తుంది.

రాజశ్రీ. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో వచ్చింది. చూడ్డానికి నాటుకోడిలాగే రంగురంగులుగా ఉంటుంది, మన ఎండకు తట్టుకుంటుంది. కొత్తవాళ్లకు నేను దీన్నో, గ్రామప్రియనో చెబుతాను.

అసీల్ (పందెం కోడి), కడక్‌నాథ్ (నల్లకోడి) గురించి అడుగుతుంటారు. ఇంటి గుడ్ల కోసమైతే రెండూ వద్దు. అసీల్ గుడ్లు బాగా తక్కువ, పైగా కొట్లాటలు. కడక్‌నాథ్‌కు ఉన్న పేరు ధర కోసమే పనికొస్తుంది, మీరు అమ్మడం లేదు కదా.

మెరుగైన రకాలు (గ్రామప్రియ, వనరాజా, రాజశ్రీ) పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పిల్లల్ని తీయొచ్చు, కానీ ఆ పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవు. అందుకే రెండేళ్లకోసారి కొత్త పిల్లల్ని తెచ్చుకోవాలి.

పిల్లల్ని పరిశోధన సంస్థ, వెటర్నరీ కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం లేదా నమ్మకమైన హేచరీ దగ్గర ముందుగా బుక్ చేసుకోండి. నాలుగైదు వారాలు పెంచి టీకాలు వేసి ఇచ్చే చోటు మీ దగ్గర్లో ఉంటే, కొంచెం ధర ఎక్కువైనా కొత్తవాళ్లు అక్కడే కొనడం మేలు. అలా కొన్నవాళ్లకు 4, 5 విభాగాల్లోని బల్బు ఏర్పాట్లు అక్కర్లేదు. సంతలో మాత్రం కొనకండి. పది ఊళ్ల కోళ్లు కలిసే చోట పది ఊళ్ల జబ్బులూ కలుస్తాయి, సంక్రాంతి ముందు నెలలో అయితే మరీను.

## 3. గూడు

పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేల నుంచి రెండడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టండి. కింద గాలి ఆడుతుంది, చెమ్మ రాదు, పాములూ ఎలుకలూ దాక్కోవడానికి చోటుండదు. గూటి పొడవు తూర్పు నుంచి పడమరకు ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి కొట్టదు.

జాలీ దగ్గరే అందరూ పొరబడతారు. ఆరు కోణాల గళ్లుండే పల్చటి చికెన్ మెష్ కోడిని లోపల ఉంచుతుంది తప్ప కుక్కను బయట ఆపలేదు. ముంగిసకూ అది అడ్డు కాదు. కింది మూడడుగుల మేర అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ వేయండి, పైన మామూలు జాలీ చాలు. కంచె అడుగున జాలీని అడుగు లోతు భూమిలోకి దింపండి, లేదా బయటి వైపుకు అడుగు మేర పరిచి రాళ్లు పెట్టండి.

తలుపుకు తాడు కట్టి వదిలేయొద్దు. గడియ ఉండాలి, దానికో కొక్కెం కూడా. పిల్లి పంజాతో లాగి తెరవగలిగే తలుపు తలుపు కాదు.

గూట్లో ఉండాల్సినవి:

- కూర్చోవడానికి అంగుళంన్నర మందం కర్రలు, కోడికి 8 అంగుళాల చోటు. అన్నీ ఒకే ఎత్తులో ఉంచండి, లేకపోతే పై కర్ర కోసం రోజూ తగువే.
- గుడ్ల పెట్టెలు నాలుగైదు పెట్టలకు ఒకటి. 12 అంగుళాల పొడవు, వెడల్పు, 14 అంగుళాల ఎత్తు. కూర్చునే కర్రల కంటే కిందికి, చీకటి మూలన ఉంచాలి. పాత ప్లాస్టిక్ పళ్ల బుట్ట పక్కకు పడుకోబెట్టినా పనికొస్తుంది.
- పై కప్పు కింద నాలుగు వేళ్ల సందు, వేడి గాలి పోవడానికి. దానికీ జాలీ కొట్టాలి.
- రెట్ట సులువుగా తీయడానికి అడుగున లాగే పలక, లేదా వెదురు బద్దల నేల.

రేకు కప్పయితే పైన తాటాకో వరిగడ్డో పరవండి. అది లేకుండా మే నెల దాటించడం కష్టం.

## 4. పిల్లలు రాకముందు వారం

దసరా తర్వాత నుంచి సంక్రాంతి లోపు మొదలుపెట్టండి. ఈ రోజుల్లో పిల్లలకు బల్బు వెచ్చదనం కాస్త ఎక్కువ కావాలి, అదొక్కటే ఇబ్బంది. మే ఎండలు వచ్చేసరికి అవి పెద్దవై ఉంటాయి. ఏప్రిల్‌లోనూ, ముసురు పట్టే రోజుల్లోనూ రోజు పిల్లల్ని తేవద్దు.

25 పిల్లలకు బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు) తయారీ:

1. గాలి సూటిగా తగలని గదిలో మూడడుగుల అడ్డకొలత వచ్చేలా అట్ట లేదా రేకు గుండ్రంగా నిలబెట్టండి. ఎత్తు అడుగున్నర. మూలలు ఉండకూడదు, మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదానిమీదొకటి పడి ఊపిరాడక చస్తాయి.
2. లోపల రెండంగుళాల మందాన పొడి ఊక పోయండి. మొదటి మూడు రోజులు దానిమీద పాత పేపర్లు పరచండి, లేకపోతే మేత అనుకుని ఊక తింటాయి.
3. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, పిల్లల తలకు అడుగు ఎత్తున. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది తప్ప వేడి ఇవ్వదు.
4. పిల్లలు రావడానికి మూడు నాలుగు గంటల ముందే బల్బు వేసి ఉంచండి.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించాలి. వేడినీళ్లు పోసిన సీసాలను గుడ్డలో చుట్టి మధ్యలో పెట్టొచ్చు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, ఆ పొగ పిల్లలకే కాదు, మీకూ ప్రమాదం.

ముందు సరిచూసుకోవాల్సినవి:

- గూడు పూర్తయింది, తలుపు గడియ పడుతోంది
- చిక్ స్టార్టర్ (చిన్న పిల్లలకు పెట్టే రెడీమేడ్ మేత) 25 కిలోలు ఇంట్లో ఉంది
- లోతు తక్కువ నీళ్ల పళ్లేలు రెండు, మేత పళ్లేలు రెండు
- స్పేర్ బల్బు
- దగ్గర్లో ఏ పశువుల ఆసుపత్రిలో లేదా ఏ మందుల షాపులో కోళ్ల టీకా దొరుకుతుందో తెలుసుకున్నాను

చివరిది లేకుండా పిల్లల్ని ఆర్డర్ పెట్టకండి.

## 5. మొదటి రోజు నుంచి ఆరో వారం దాకా

పెట్టె తెరవగానే ఒక్కొక్క పిల్లను చేతిలోకి తీసుకుని ముక్కు నీళ్లలో ముంచి వదలండి. ఒక్కసారి రుచి తెలిస్తే తర్వాత అదే తాగుతుంది. మొదటి నీళ్లలో లీటరుకు 50 గ్రాముల బెల్లమో గ్లూకోజో కలపండి. పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేయండి, పిల్లలు మునగకుండా. నీళ్లు తాగిన రెండు గంటలకు పేపరు మీద మొక్కజొన్న నూక చల్లండి. రెండో రోజు నుంచి స్టార్టర్ మేత.

ఆ రాత్రి పడుకునే ముందు ఒక పని చేయండి. ఐదారు పిల్లల్ని పట్టుకుని మెడ కింద, రొమ్ముకు పైన వేలితో మెల్లగా తడమండి. అక్కడ మేత నిలిచే చిన్న సంచి ఉంటుంది. నిండుగా, నానిన పెసరగింజల మూటలా మెత్తగా తగిలితే పిల్ల తిన్నది, తాగింది. గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదు. ఖాళీగా ఉంటే దానికి దారి తెలియలేదు, దాన్ని మళ్లీ నీళ్ల దగ్గరికీ మేత దగ్గరికీ చేర్చాలి.

వేడి సంగతి థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలుండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గాలి.

- బల్బు కింద గుమిగూడి కీచుకీచుమంటుంటే చలి. బల్బు దించండి.
- బల్బుకు దూరంగా అట్టను ఆనుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. బల్బు ఎత్తండి.
- అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. ఆ సందు మూయండి.
- అంతటా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిగ్గా ఉంది, ముట్టుకోకండి.

ఊక తడిస్తే ఆ మేర తీసేసి పొడిది వేయండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టకూడదు. మూడో వారం తర్వాత వచ్చే రక్త పారుడు ఎక్కువగా ఈ తడి ఊక వల్లే. మూడు వారాలు దాటాక చలి లేకపోతే పగలు బల్బు తీసేయొచ్చు.

వెనుక భాగం దగ్గర రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి తీయండి, లాగకండి. ఒకటి రెండింటికి అలా ఉంటే పర్వాలేదు. చాలావాటికి తెల్లగా పారుతుంటే డాక్టరుకు చూపించాలి.

## 6. టీకాలు

పెరటి కోళ్లు పోవడానికి అసలు కారణం కొక్కెర తెగులు, డాక్టర్లు రానీఖెత్ అంటారు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఊపిరి లాగడం, మెడ తిరిగిపోవడం. మూడు నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి, వేపాకు ఏది పోసినా తగ్గదు. ముందుగా టీకా వేయడమే దారి.

సాధారణంగా వేసే వరస ఇది. మీ ప్రాంతాన్ని బట్టి పశువైద్యుడు ఏమైనా మారిస్తే ఆయన మాటే వినండి.

- 1వ రోజు: మారెక్స్ టీకా (కాళ్లు చచ్చుబడే ఒక జబ్బుకు). హేచరీలోనే వేస్తారు, వేశారా అని అడిగి తీసుకోండి.
- 5 నుంచి 7వ రోజు: లసోటా (కొక్కెర తెగులు టీకా), కంట్లో ఒక చుక్క.
- 14వ రోజు: గంబోరో టీకా (అదే పేరున్న ఇంకో జబ్బుకు), కంట్లో లేదా నోట్లో ఒక చుక్క.
- 28వ రోజు: లసోటా రెండోసారి.
- 6, 7 వారాలకు: కోళ్ల మశూచి టీకా.
- 8 నుంచి 10 వారాలకు: ఆర్2బీ (కొక్కెర తెగులుకే ఇంకో టీకా), అర మిల్లీలీటరు, చర్మం కింద సూదితో.

ఆర్2బీ టీకాకు వారం ముందు నట్టల మందు తాగించండి. కడుపులో నట్టలుంటే టీకా సరిగ్గా పట్టదు.

టీకా వేశాం, అయినా పోయాయి అంటారు కొందరు. అడిగి చూస్తే కింది వాటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

మందు వేడెక్కింది. షాపు నుంచి చొక్కా జేబులో తెచ్చిన సీసా టీకా కాదు, ఒట్టి నీళ్లు. ఫ్లాస్కులో ఐసు వేసి దాంట్లో తేవాలి. ఇంటికి రాగానే వేయాలి. ఉంచాల్సి వస్తే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టాలి, తలుపు అరలో కాదు.

కలిపి చాలాసేపు ఉంచారు. కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారబోయాలి. మీకు 25 కోళ్లే, సీసా చూస్తే వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో వస్తుంది. అందుకే వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లతో మాట్లాడుకుని ఒకేరోజు అందరూ వేయించండి. ఖర్చు పంచుకోవచ్చు. పక్కింటి కోడికి తెగులు రాకపోతే మీ కోడికీ వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

కుళాయి నీళ్లలో కలిపారు. క్లోరిన్ ఉన్న నీళ్లు టీకాను చంపేస్తాయి. పెద్ద కోళ్లకు నీళ్లలో లసోటా ఇవ్వాల్సి వస్తే బావి నీళ్లో, కాచి చల్లార్చిన నీళ్లో తీసుకుని లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. అంతకుముందు రెండు గంటలు కోళ్లకు నీళ్లు పెట్టకుండా ఉంచితే అన్నీ ఒక్కసారే తాగుతాయి.

జబ్బుగా ఉన్న కోళ్లకు వేశారు. తూగుతున్నవాటికి టీకా వేయకూడదు. తెగులు ఊళ్లోకి వచ్చేదాకా ఆగి అప్పుడు పరుగెత్తడమూ ఇదే తప్పు.

టీకా ఏ రోజు వేశారో గూటి తలుపు మీదే రాసి పెట్టండి. ఆర్నెల్లకోసారి మళ్లీ వేయించాలా అన్నది ఆసుపత్రిలో అడగండి, చాలాచోట్ల వేయించమనే చెబుతారు.

## 7. బయటికి వదలడం

ఆరు వారాలు నిండాక, ఒంటి నిండా ఈకలు వచ్చాక గూట్లోకి మార్చండి. మార్చిన వెంటనే తలుపు తీయొద్దు. ఐదారు రోజులు మేత, నీళ్లు లోపలే పెట్టి మూసే ఉంచండి. అప్పుడే ఇది తమ ఇల్లని వాటికి తెలుస్తుంది. ఆ తర్వాత మొదటి రోజు సాయంత్రం, పొద్దు వాలడానికి గంట ముందు వదలండి. చీకటి పడేసరికి వాటంతట అవే తిరిగొస్తాయి. క్రమంగా సమయం పెంచండి.

సాయంత్రం గూట్లోకి పిలవడానికి రోజూ ఒకే గిన్నె మోగించి గుప్పెడు జొన్నలు వేయండి. వారంలో గిన్నె చప్పుడుకే పరుగెత్తుకొస్తాయి. మూసే ముందు లెక్కపెట్టడం మరవకండి.

ఖాళీ స్థలాన్ని తడికెతో రెండు భాగాలు చేసుకుంటే బాగుంటుంది. ఒకదాంట్లో మూడు నాలుగు వారాలు తిప్పి, రెండోదాన్ని గడ్డి మొలవడానికి వదిలేయండి. ఎండ తగిలి ఆరిన నేలలో నట్టల గుడ్లు చాలావరకు చస్తాయి.

కొత్త కోడిని తెస్తే రెండు మూడు వారాలు విడిగా, పెరటి అవతలి మూలన ఉంచండి. చుట్టాలు బహుమతిగా ఇచ్చిన పుంజుకూ ఇదే నియమం.

## 8. మేత

బయట తిరిగే కోడి పురుగులు, గడ్డి, గింజలు కొంతవరకు ఏరుకుంటుంది. రెండు సెంట్ల పెరట్లో అవి తొందరగానే అయిపోతాయి. కాబట్టి పెద్ద కోడికి రోజుకు 60, 70 గ్రాముల మేత మీరు పెట్టాలి. అసలు తిరగనివ్వకపోతే 110 గ్రాములు.

గుడ్లు పెట్టే కోళ్లకు 10 కిలోల మేత ఇలా కలుపుకోవచ్చు:

- మొక్కజొన్న లేదా జొన్న నూక: 5 కిలోలు
- తవుడు: 2 కిలోల 200 గ్రాములు
- సోయా చెక్క: 1 కిలో 800 గ్రాములు
- ఆల్చిప్పల గుల్ల: 800 గ్రాములు
- మినరల్ మిక్చర్: 200 గ్రాములు

సోయా దొరక్కపోతే వేరుశనగ చెక్క వాడొచ్చు, కానీ బూజు పట్టిన వాసన ఏమాత్రం ఉన్నా పారేయండి. ఆ బూజు విషం కోళ్ల కాలేయాన్ని తినేస్తుంది, కోడి బాగానే తింటున్నట్టు కనిపిస్తూనే చిక్కిపోతుంది. తవుడు కూడా 15 రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి, నిల్వ ఉంటే ముక్కిన వాసన వస్తుంది.

ఖర్చు తగ్గించేవి: మునగాకు, తోటకూర కాడలు, అజొల్లా (నీళ్ల మీద పెరిగే చిన్న మొక్క). ఇంకొకటి చెదలు. పాత కుండలో ఎండు పేడ, చింపిన గోనెసంచి కుక్కి తడిపి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారేసరికి చెదలు పడతాయి. పిల్లలకు ఇంతకు మించిన మేత లేదు.

వద్దన్నవి: ఉప్పు, కారం కలిసిన మిగులు కూరలు, పచ్చడి కలిపిన అన్నం, పాచిపోయినవి. మామూలు అన్నం పెట్టొచ్చు, కానీ అన్నమే మేత చేస్తే కోళ్లు బలుస్తాయి, గుడ్లు రావు. "బాగానే తింటున్నాయి, గుడ్లు మాత్రం లేవు" అనేవాళ్ల ఇంట్లో మేత ఏమిటని అడిగితే పదిలో ఎనిమిది మంది అన్నం, నూకలు అనే అంటారు.

## 9. గుడ్ల కాలం

ఐదున్నర, ఆరు నెలలకు మొదటి గుడ్డు. దానికి రెండు వారాల ముందే పెట్టెల్లో ఎండుగడ్డి పరిచి, ఒక ప్లాస్టిక్ గుడ్డో గుండ్రటి తెల్లరాయో పెట్టండి. ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. లేకపోతే మీ గుడ్లు కట్టెల మోపు వెనక దొరుకుతాయి.

రోజుకు రెండుసార్లు ఏరండి. గుడ్డు మురికిగా ఉంటే పొడిగుడ్డతో తుడవండి. కడిగితే పెంకు మీది సహజమైన పూత పోతుంది, నిల్వ ఉండదు. కడగాల్సి వస్తే ఆ గుడ్డును అదేరోజు వండుకోండి.

వచ్చే ఇబ్బందులు, వాటి దారులు:

- తోలుగుడ్డు లేదా పల్చటి పెంకు: ఆల్చిప్పల గుల్ల విడిగా ఒక గిన్నెలో ఎప్పుడూ ఉంచండి.
- కోడి తన గుడ్డునే పొడిచి తింటోంది: పెట్టె చీకటిగా ఉండేలా గోనె తెర కట్టండి, గుడ్లు వెంటవెంటనే ఏరండి. అయినా మానకపోతే ఆ కోడిని కూరకు పంపండి. పక్కవి నేర్చుకుంటాయి.
- చలికాలంలో గుడ్లు తగ్గాయి: పగలు చిన్నది. తెల్లవారుజామున మూడు గంటలు బల్బు వేసి మొత్తం వెలుగు 14 గంటలయ్యేలా చూడండి.
- ఈకలు రాలుస్తూ గుడ్లు ఆపేసింది: అది జబ్బు కాదు. ఒకటి రెండు నెలలు ఆగండి.

## 10. నాటు పెట్టతో పొదిగించడం

వారం లోపు పెట్టిన గుడ్లే పొదుగుకు వేయండి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పగులున్నవి, ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. దాచేటప్పుడు సన్నటి కొన కిందికి ఉండాలి.

వెదురు గంపలోనో మట్టి మూకుడులోనో ఇసుక పోసి, పైన ఎండుగడ్డి, మధ్యలో గుప్పెడు బూడిద, నాలుగు వేపరెమ్మలు వేయండి. పేలు పట్టిన పెట్ట పొదుగు మీద నిలవదు. పెట్ట సైజును బట్టి 10, 12 గుడ్లు చాలు. పదిహేను పెడితే అంచున ఉన్నవి చల్లబడి అన్నీ మురుగుతాయి. చీకటి పడ్డాక గుడ్లు పెట్టి పెట్టను కూర్చోబెడితే గొడవ చేయదు.

ఏడో రాత్రి దీపం ఆర్పి, ఫోన్ టార్చి మీద పిడికిలి బిగించి, ఆ సందులో గుడ్డు మొద్దు కొన ఆనించి చూడండి. మధ్యలో చిన్న నల్లచుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి సన్నటి గీతలు కనిపిస్తే పిల్ల పెరుగుతోంది. నిమ్మపండు రంగులో ఖాళీగా వెలిగితే అది పొదగదు. ఒక ఎర్రటి ఉంగరంలా గీత మాత్రమే ఉంటే మొదలై ఆగిపోయింది. రెండు రకాలూ తీసేయండి. పద్నాలుగో రోజు మళ్లీ ఒకసారి చూడండి, ఇప్పుడు గుడ్డులో ముప్పావు వంతు చీకటిగా, మొద్దు కొన దగ్గర గాలి గది మాత్రం వెలుగుగా ఉండాలి.

రోజుకోసారి పెట్ట లేచి తిని, తాగి, రెట్ట వేసి వస్తుంది. లేవకపోతే మీరే లేపండి. ఇరవై నిమిషాలు బయట ఉన్నా నష్టం లేదు. 18వ రోజు తర్వాత ముట్టుకోకండి. 21వ రోజు పెంకులు పగులుతాయి. సాయంగా పెంకు ఒలవాలనిపిస్తుంది, ఒలవకండి. లోపల రక్తనాళాలు ఇంకా ఇంకకపోతే పిల్ల చచ్చిపోతుంది.

## 11. ఎండలు, వానలు

40 డిగ్రీలు దాటితే కోడి రెక్కలు దించి నోరు తెరుస్తుంది. నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో కాక మట్టి మూకుడులో, నీడన, రెండు మూడు చోట్ల పెట్టండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే. జాలీకి తడి గోనెలు వేలాడదీయండి, అయితే గాలి ఆగిపోకూడదు. పడిపోయిన కోడిని నీడకు తెచ్చి కాళ్లు, తమ్మె తడపండి.

వానాకాలంలో నీళ్లు నిలవకుండా గూటి చుట్టూ చిన్న కాలువ తీయండి. మేత నేల మీద చల్లడం మానేసి పళ్లెంలో పెట్టండి. రెట్టను వారానికోసారి తీసి ఆకు చెత్తతో కుప్ప వేయండి. పచ్చి రెట్ట మొక్కల మొదట్లో పోస్తే వేర్లు మాడతాయి, రెండు మూడు నెలలు మగ్గనివ్వాలి.

## 12. జబ్బుపడితే చేసే వరస

1. తూగుతున్న కోడిని ముందు విడదీయండి. మందు తర్వాత.
2. రెట్ట చూడండి. రక్తం ఉంటే రక్త పారుడు, ఆంప్రోలియం లాంటి మందు డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్లలో ఇవ్వాలి, ఊక మార్చాలి. ఆకుపచ్చగా ఉండి ఊపిరి తీయలేకపోతుంటే కొక్కెర తెగులు అనుమానించాలి.
3. తమ్మె మీద, కళ్ల చుట్టూ పొక్కులుంటే మశూచి. పసుపు, వేపనూనె రాస్తే పుండు మానడానికి సాయపడొచ్చు, జబ్బు దాని రోజులు అది తీసుకుంటుంది. కన్ను మూసుకుపోతే చేత్తో తినిపించాలి.
4. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువుల ఆసుపత్రికి వెళ్లండి. షాపువాడు ఇచ్చిన యాంటీబయాటిక్‌తో మొదలుపెట్టొద్దు.
5. ఏ మందు వాడినా గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో అడిగి రాసుకోండి.

ఒకటి రెండు రోజుల్లో చాలా కోళ్లు ఒక్కసారిగా చనిపోతే, తలలు వాచి తమ్మెలు నల్లబడితే బర్డ్ ఫ్లూ కావొచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అదే వచ్చింది. అలాంటప్పుడు కోయొద్దు, తినొద్దు, కాలువలో పడేయొద్దు, ఇంకొకరికి అమ్మొద్దు. ఒట్టి చేతులతో ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పండి.

పెద్ద కోళ్లకు మూడు నెలలకోసారి నట్టల మందు. పేల కోసం ఇసుక, బూడిద కలిపిన గుంత ఒకటి నీడన ఉంచితే అవే పొర్లాడుకుంటాయి. పశువులకు వాడే గోమార్ల మందు కోళ్ల మీద పోయకండి, అది విషమై చావొచ్చు.

## 13. ఏవి ఎప్పుడు తీసేయాలి

పుంజులు మూడో నెల నుంచి కొట్లాడుకుంటాయి, పెట్టల్ని వేధిస్తాయి. చురుకైనది, కాళ్లు నిటారుగా ఉన్నది ఒకటి ఉంచుకుని మిగతావాటిని 14 నుంచి 18 వారాల మధ్య ఒక్కొక్కటిగా కూరకు వాడుకోండి. కోయడానికి ముందు రాత్రి నుంచి మేత ఆపి నీళ్లు మాత్రం ఇస్తే పేగులు శుభ్రంగా ఉంటాయి.

పెట్టల్లో ఏది పెడుతోందో తెలియకపోతే వెనుక భాగంలో రెండు ఎముకల కొనలు తడిమి చూడండి. మధ్యలో రెండు మూడు వేళ్లు పడితే పెడుతున్నట్టు, ఒక్క వేలే పడితే లేదు. రెండో ఏడు గుడ్లు తగ్గుతాయి, ఆ తర్వాత మేత దండగ. అందుకే పెట్టలకు ఏడాదిన్నర నిండేసరికి మళ్లీ 25 పిల్లల్ని బుక్ చేయండి. అవి గుడ్లకొచ్చే వేళకు పాతవాటి గుడ్లు ఎలాగూ తగ్గిపోయి ఉంటాయి. కొత్తవాటిని పాతవాటితో రాత్రిపూట, కర్ర మీద కూర్చున్నాక కలపండి. పగలు కలిపితే రక్తాలు కారేలా పొడుచుకుంటాయి.